పునరుక్తికి స్పష్టత అని పేరు పెట్టకండి



పైథాన్ భాషలో క్లాసు రాసే ప్రతివారూ ఒక ఇంపొజిషన్ రాస్తున్నారు. రాయమన్న మాస్టారు లేడు, శిక్ష పడేంత నేరమూ లేదు. అయినా రాస్తున్నారు, రాస్తూ అదే సదాచారమని వాదిస్తున్నారు. ఆ వాదాన్ని ఖండించడానికే ఈ టపా. తెలుగు పండితుడికి ప్రోగ్రాములతో ఏం పని అని అడిగేవారికి సమాధానం చిన్నది. పదవీ విరమణ తరువాత పద్యాల అకారాది సూచికలు తయారు చేసుకోవడానికి ఈ భాష నేర్చుకున్నాను. నేర్చుకున్న చోట వ్యాకరణం కనబడింది, వ్యాకరణం కనబడిన చోట నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

విషయం తెలియని చదువరుల కోసం ముందు కొంత వివరణ. క్లాసు అంటే ఒక జాతి వస్తువులకు నమూనా. 'పుస్తకం' అనే క్లాసు రాస్తున్నామనుకోండి. ప్రతి పుస్తకానికీ శీర్షిక, కర్త, సంపాదకుడు, ప్రచురణకర్త, సంవత్సరం, పుటలు అని ఆరు లక్షణాలు. కొత్త పుస్తకం సృష్టి అయినప్పుడు ఈ ఆరింటినీ దానికి తగిలించే బాధ్యత ఇనిట్ అనే ఫంక్షనుది. ఆ ఫంక్షను ముందు ఆరు పేర్లనూ కుండలీకరణాల్లో స్వీకరిస్తుంది. తరువాత దాని లోపల ఇలా రాయాలి:

తాను.శీర్షిక = శీర్షిక
తాను.కర్త = కర్త
తాను.సంపాదకుడు = సంపాదకుడు
తాను.ప్రచురణకర్త = ప్రచురణకర్త
తాను.సంవత్సరం = సంవత్సరం
తాను.పుటలు = పుటలు

'తాను' అన్న చోట లోకమంతా 'సెల్ఫ్' అని రాస్తుంది. అది పైథాన్‌కు ప్రత్యేకించిన కీలకపదం కాదు, కేవలం ఆచారం. 2008 డిసెంబరులో పైథాన్ 3.0 వచ్చినప్పటి నుంచి పేర్లను మన లిపిలోనే పెట్టుకోవచ్చు కనుక, పై ఆరు పంక్తులూ ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. ఒక్కటే జాగ్రత్త. పొల్లు హల్లును విడిగా నిలపడానికి మనమంతా వాడే జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాన్ని పైథాన్ పేర్లలో అంగీకరించదు. యూనికోడులో రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ కంటికి కనబడని అక్షరంతో కుస్తీ పట్టిన మిత్రులకు దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కొక్క పేరు స్వీకరించేటప్పుడు ఒకసారి, సమానచిహ్నానికి అటు ఒకసారి, ఇటు ఒకసారి, వెరసి మూడుసార్లు వచ్చింది. పుస్తకాన్ని తెరమీద అచ్చు వేయిస్తే, దాని వివరాలకు బదులు క్లాసు పేరూ, జ్ఞాపకంలోని చిరునామా మాత్రమే కనబడతాయి. వివరాలు కనబడాలంటే రెప్ర్ అనే మరో ఫంక్షను రాయాలి. అక్కడ పేరొకసారి, విలువ కోసం మరొకసారి. వివరాలన్నీ ఒకటే అయిన రెండు పుస్తకాలను సమానమా అని అడిగితే పైథాన్ కాదంటుంది. అవుననాలంటే ఈక్యూ అనే ఫంక్షను రాయాలి. అక్కడ తనదొకసారి, ఎదుటిదొకసారి. ఒక్క లక్షణానికి ఏడుసార్లు, ఆరు లక్షణాలకు 42 సార్లు. చెప్పిన విషయం మాత్రం ఒక్కటే: పుస్తకానికి ఈ ఆరు వివరాలుంటాయి.

దోషం ఏది, కానిది ఏది

పునరుక్తి దోషమని మన శాస్త్రాలు ఏనాడో తేల్చాయి. అంతకంటే ముఖ్యంగా, ఏ పునరుక్తి దోషం కాదో కూడా చెప్పాయి. గౌతముడి న్యాయసూత్రాలు వాదంలో ఓటమికి కారణమయ్యే నిగ్రహస్థానాలను 22 లెక్కించాయి. వాటిలో పునరుక్తం ఒకటి. అయితే ఆ సూత్రమే 'అనువాదా'నికి మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ అనువాదమంటే నేటి మన తర్జుమా కాదు. ఒక ప్రయోజనం కోసం చెప్పినదాన్నే మళ్ళీ చెప్పడం. ప్రయోజనముంటే అనువాదం, లేకపోతే పునరుక్తం. ఈ గీటురాయి చాలు, నాకు ఇంకే కొలబద్దా అక్కరలేదు.

'తాను.సంవత్సరం = సంవత్సరం' అనే పంక్తికి ప్రయోజనమేమిటి? వచ్చిన విలువను పరీక్షించిందా? మార్చిందా? లెక్కగట్టిందా? ఏమీ లేదు. ఎడమచేతిలోనిది కుడిచేతికి ఇచ్చింది. అదే చోట సంవత్సరం అక్షరాల రూపంలో వస్తే అంకెగా మార్చి నిలుపుకుంటున్నారనుకోండి, శక సంవత్సరమైతే క్రీస్తు శకానికి తెస్తున్నారనుకోండి, ఆ పంక్తి ఉండవలసిందే. దాని జోలికి నేను రాను. నా తగాదా పని చేయని పంక్తులతోనే.

పాణిని సుమారు 4000 సూత్రాలలో సంస్కృత వ్యాకరణాన్నంతా ఎలా ఇమడ్చగలిగాడు? అనువృత్తి వల్ల. పై సూత్రంలో చెప్పిన పదం కింది సూత్రాలకు తానే నడిచి వస్తుంది, మళ్ళీ చెప్పడు. అర్ధమాత్ర కలిసివస్తే కొడుకు పుట్టినంత సంబరపడతారని వైయాకరణుల మీద పండితలోకంలో ఒక నానుడి. అది హాస్యంగా అన్నా, అందులో పాఠకుడి మీద దయ ఉంది. తక్కువ చదివి ఎక్కువ గ్రహించాలనే దయ.

దీనివల్ల ఎవరికి నష్టం?

ఒక గ్రంథాలయంలో జరిగిన సంగతి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. దాతలిచ్చిన పాత పుస్తకాలకు కంప్యూటరులో పట్టిక చేయాలని ఒక కుర్రవాడు ఉచితంగా పూనుకున్నాడు. బుద్ధిమంతుడు, పనిమంతుడు. మొదట అతని క్లాసులో సంపాదకుడు అనే లక్షణం లేదు. సంకలనాలు ఎక్కువగా ఉన్నాయని ఎవరో గుర్తు చేస్తే చేర్చాడు. చేర్చడమంటే ఏముంది, పై పంక్తిని నకలు తీసి కింద అతికించడమే. ఎడమవైపు మార్చాడు, కుడివైపు మార్చడం మరిచాడు. 'తాను.సంపాదకుడు = కర్త' అని ఉండిపోయింది.

పైథాన్ నోరు మెదపలేదు. మెదపడానికి అందులో తప్పేముంది? కర్త పేరు అక్షరాలే, సంపాదకుడి పేరూ అక్షరాలే. రిజిస్టరు చూసి ఇద్దరు పిల్లలు ఓపికగా ఎక్కించిన సంపాదకుల పేర్లన్నీ స్వీకరించి, ఆ ఫంక్షను గుమ్మంలోనే పారేసింది. ప్రతి పుస్తకానికీ కర్తే సంపాదకుడయ్యాడు. పట్టిక పూర్తయింది కదా అని, చెదలు తిన్న రిజిస్టరును తీసివేశారు. నెలన్నర తరువాత ఎవరో ఒక సంకలనం కోసం సంపాదకుడి పేరుతో వెదికితే గుట్టు బయటపడింది. ఇక మిగిలిన దారి ఒక్కటే: బీరువాలు తెరిచి, ఒక్కొక్క పుస్తకమూ దించి, లోపలి అట్ట చూసి రాసుకోవడం. లోపలి అట్ట ఊడిపోయిన పుస్తకాలకు సంపాదకుడెవరో ఆ పట్టికలో ఈనాటికీ ఖాళీయే.

ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను. బడిలో ఇంపొజిషన్ రాసే పిల్లలను ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి. 'నేను ఇకపై ఆలస్యంగా రాను' అని నూరుసార్లు రాయమంటే, తెలివైన పిల్లవాడు ముందు 'నేను' అని నూరు వరుసల్లో నిలువుగా రాసేస్తాడు, తరువాత 'ఇకపై' నూరుసార్లు. వాక్యం రాయడు, స్తంభాలు కడతాడు. ఏం రాస్తున్నాడో వాడికి పట్టదు, పట్టించుకోనక్కరలేకుండా చేసింది మనమే. ప్రోగ్రామరు ఎడిటర్లో చేసేదీ అదే. సమానచిహ్నాలను ఒక నిలువు వరుసకు తెచ్చి, అటు ఒక స్తంభం, ఇటు ఒక స్తంభం. చదివేవాడి కన్ను కూడా స్తంభాల మీద జారిపోతుంది. తప్పు దాక్కోవడానికి ఇంతకంటే అనువైన చోటు ప్రోగ్రాములో మరొకటి లేదు.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి వాదం: స్పష్టతే పైథాన్ ధర్మం. టిమ్ పీటర్స్ కూర్చిన సూత్రాలలో, దాచి చెప్పడం కంటే విప్పి చెప్పడం మేలని ఒకటుంది కదా?

ఉంది, నాకూ సమ్మతమే. కానీ విప్పి చెప్పడం వేరు, మళ్ళీ మళ్ళీ చెప్పడం వేరు. ఒక శుభలేఖలో వధువు పేరు ఒకసారి స్పష్టంగా రాస్తే స్పష్టత. ఏడుసార్లు రాస్తే ఏడు రెట్లు స్పష్టత కాదు, చదివేవాడికి అనుమానం కలుగుతుంది. ఆ సూత్రాలలోనే చదవడానికి వీలుగా ఉండడం ముఖ్యమని కూడా ఉంది. మొదటిదాన్ని వల్లించేవారు రెండోదాన్ని ఎందుకు మరిచిపోతారో తెలియదు. 'సెల్ఫ్' అనే మాటనే తీసివేయమని నేను అడగడం లేదని గమనించండి. అది ఎందుకు ఉండితీరాలో గీడో వాన్ రోసమ్ 2008లో వివరంగా రాశారు. ఆ వివరణతో నాకు పేచీ లేదు.

రెండవ వాదం: టైపు చేసేది ఎడిటరు, ఇప్పుడైతే కృత్రిమ మేధ. పంక్తులు ఎన్నుంటే మనకేం?

రాసే శ్రమ గురించి నేను మాట్లాడడం లేదు. ప్రోగ్రామును ఒకసారి రాస్తారు, పదిసార్లు చదువుతారు. యంత్రం రాసిపెట్టిన నలభై పంక్తులను చదవవలసింది మనిషే. పైగా యంత్రం రాసిందంటే సరిగానే ఉంటుందని మరింత తేలికగా దాటవేస్తాడు. లేఖకుడికి చేయి నొప్పి లేకపోతే గ్రంథంలో పునరుక్తి గుణమైపోతుందా? తాటాకు కరువు తీరిందని పాణినీయంలో అనువృత్తిని ఎవరూ ఎత్తివేయలేదు.

మూడవ వాదం: కొత్తగా నేర్చేవారికి మొదట కష్టమార్గమే చూపాలి.

ఉపాధ్యాయుడిగా దీనికి సగం అంగీకరిస్తాను. గుణింతం రాయనివాడికి పదం రాదు. ఇనిట్ ఏం చేస్తుందో, తాను అంటే ఏమిటో విద్యార్థి ఒక క్లాసులో, రెండు క్లాసుల్లో చేతితో రాసి తెలుసుకోవాలి. తెలుసుకున్నాక కూడా జీవితాంతం గుణింతం రాయమంటే అది బోధన అనిపించుకోదు. పాఠాలు చెప్పేవారు రెండోరోజు పాఠాన్ని ఎగ్గొట్టి, మొదటిరోజు పాఠాన్నే శిష్యుల చేత ఉద్యోగాల్లోకి మోయిస్తున్నారు.

దొంగదారులు

పునరుక్తి భరించలేక కొందరు అడ్డదారులు తొక్కుతున్నారు. ఇంపొజిషన్ వాదులకంటే వీరితోనే నాకు ఎక్కువ భయం.

ఒక దారి: ఫంక్షనులో ఉన్న స్థానిక పేర్లన్నిటినీ లోకల్స్ అనే పిలుపుతో మూటగట్టి, వస్తువు తాలూకు డిక్ట్‌లోకి ఒక్కసారిగా కుమ్మరించడం. ఒక్క పంక్తితో పని అయిపోయిందని మురిసిపోతారు. ఆ మూటలో 'తాను' కూడా ఉంటుందని చూసుకోరు. వస్తువు తనలో తననే లక్షణంగా మోస్తూ తిరుగుతుంది. ఆ పంక్తికి ముందు ఏదైనా తాత్కాలిక చలరాశి వాడి ఉంటే అదీ లక్షణమైపోతుంది. ప్రాపర్టీ రూపంలో పెట్టిన కావలి ఏదైనా ఉంటే దాన్ని తప్పించుకుని విలువలు గోడ దూకి లోపలికి వస్తాయి. రకాలను సరిచూసే సాధనాలకు, ఎడిటర్లకు ఈ లక్షణాలు కనబడనే కనబడవు.

రెండవ దారి: రెండు నక్షత్రాలు పెట్టి, ఏ పేరుతో ఏది వచ్చినా స్వీకరించి తగిలించుకోవడం. వ్యాకరణంలో దీన్ని ఆకృతిగణం అంటాం. ఇందులోని పదాలింత అని ముగించి చెప్పలేం, ఇటువంటివన్నీ చేర్చుకోండి అని తెరిచి ఉంచిన పట్టిక. ముగించడానికి వీలులేని చోట అది శాస్త్రకారుడి వినయం. ఆరే లక్షణాలని తెలిసిన చోట సోమరితనం. ఫలితం చూడండి: 'ఛందస్సు' అనవలసిన చోట ఎవరో ఒత్తు లేని 'చందస్సు' అని పంపుతారు. పేర్లను విడివిడిగా ప్రకటించిన ఇనిట్ అయితే, ఇటువంటి పేరు నాకు తెలియదని అక్కడే ఆపుతుంది. నక్షత్రాల ఇనిట్ ఒత్తు లేనిదాన్ని కూడా సగౌరవంగా లోపలికి తీసుకుంటుంది. ఒత్తుల దగ్గర ఇంత ఉదారత మన దినపత్రికల్లో చూసి బాధపడుతున్నది చాలదా?

పాణిని క్లుప్తతకూ, దీనికీ తేడా ఇక్కడే ఉంది. అనువృత్తికి ముందే ప్రకటించిన నియమం ఉంది, ఏది ఎంతవరకు నడుస్తుందో చదివేవాడికి తెలుసు. ఇక్కడ ఏం వస్తుందో రాసినవాడికే తెలియదు.

రాజమార్గం

సరైన దారి భాషలోనే ఉంది. 2018 జూన్‌లో వెలువడిన పైథాన్ 3.7తో డేటాక్లాసెస్ అనే మాడ్యూలు ప్రామాణికంగా వచ్చింది. దాని ప్రతిపాదన పెప్ 557, కర్త ఎరిక్ వి. స్మిత్. అంతకుముందే 2015లో హినెక్ ష్లావాక్ అట్ర్స్ అనే లైబ్రరీతో బాట వేసి ఉన్నారు. మన పుస్తకం అందులో ఇలా ఉంటుంది (కీలకపదాలను కూడా మన లిపిలో చూపుతున్నాను, నడిపేటప్పుడు వాటిని ఇంగ్లీషులోనే రాయాలి):

@డేటాక్లాస్
క్లాస్ పుస్తకం:
    శీర్షిక: స్ట్రింగు
    కర్త: స్ట్రింగు
    సంపాదకుడు: స్ట్రింగు
    ప్రచురణకర్త: స్ట్రింగు
    సంవత్సరం: పూర్ణాంకం
    పుటలు: పూర్ణాంకం

ఆరు లక్షణాలు, ఆరు పంక్తులు. ఇనిట్, రెప్ర్, ఈక్యూ మూడూ తయారవుతాయి. ఇది మాయ, మంత్రం అని జంకేవారికి ఒక మాట. ఆ పాత పంక్తులు ఎక్కడికీ పోలేదు. డేటాక్లాస్ ఈ ప్రకటన చదివి, మనం చేతితో రాసే ఇనిట్‌నే పాఠంగా కూర్చి, దాన్నే నడుపుతుంది. నకలు తీసేది యంత్రం కనుక కుడివైపు మార్చడం మరవదు. ఆ కుర్రవాడు సంపాదకుడిని చేర్చవలసి వస్తే ఒక్క పంక్తి చేర్చేవాడు, తప్పడానికి కుడివైపు అనేదే ఉండేది కాదు. వచ్చిన విలువతో ఏదైనా పని చేయవలసి ఉంటే పోస్ట్ ఇనిట్ అనే ఫంక్షను ఉంది. దాంట్లో పని చేసే పంక్తులే ఉంటాయి కనుక చదివేవాడి దృష్టి సరిగ్గా వాటిమీదే నిలుస్తుంది. అనువాదం మిగిలి, పునరుక్తం పోయింది.

మరి లోపాలు లేవా? ఉన్నాయి, దాచను. రకం పేరు రాసినంత మాత్రాన అది సరిచూడదు. పుటలు పూర్ణాంకమని రాసి 'నూట ఇరవై' అని అక్షరాలు పంపినా తీసుకుంటుంది. జాబితాను నేరుగా తొలి విలువగా ఇస్తే ఒప్పుకోదు, డీఫాల్ట్ ఫ్యాక్టరీ అనే మార్గంలో ఇవ్వాలి. అలా ఒప్పుకోకపోవడం మన మేలుకే, లేకుంటే వస్తువులన్నీ ఒకే జాబితాను పంచుకుంటాయి. ఏమీ చెప్పకుండా రాసిన డేటాక్లాస్ వస్తువులు సెట్టులో ఇమడవు, ఫ్రోజెన్ అని ప్రకటించాలి. పిలిచేవారు కర్తనూ సంపాదకుణ్ణీ తారుమారుగా పంపితే డేటాక్లాసూ కాపాడలేదు. అందుకే 2021లో పైథాన్ 3.10, పేరు చెప్పి మరీ పంపాలనే నియమాన్ని కేడబ్ల్యూ ఓన్లీ అనే ఎంపికగా ఇచ్చింది. మూడు నాలుగు లక్షణాలు దాటిన ప్రతి చోటా అది పెట్టమనే నా సలహా. 2008లో పైథాన్ 2.6తో వచ్చిన నేమ్డ్ టుపుల్ ఉంది కదా అనేవారు, అది క్రమం ఒకటైతే ఏ టుపుల్‌తోనైనా సమానమైపోతుందని మరవకూడదు. పద్యం సంఖ్యా, పాదం సంఖ్యా ఉన్న జంట, ధరా బరువూ ఉన్న జంటతో సమానమని తేలితే ఆ సమానత్వం మనకెందుకు?

ఈ పునరుక్తిని తొలగించాలన్న ఆలోచన పైథాన్ వారికే వచ్చిందనుకోకండి. కోట్లిన్‌లో డేటా క్లాసులున్నాయి. పీహెచ్‌పీ 8.0లో 2020లో కన్‌స్ట్రక్టరు దగ్గరే లక్షణాన్ని ప్రకటించే వీలు వచ్చింది. మాటల పొదుపుకు పేరు లేని జావా కూడా 2021లో 16వ కూర్పుతో రికార్డులను ప్రామాణికం చేసింది. ఇన్ని భాషలవారు ఒక్కటే దోషాన్ని గుర్తించి తలా ఒక మందు వేశారు. మందు చేతిలో ఉండి కూడా రోగమే ఆరోగ్యమని వాదించేవారు మనలోనే కనబడుతున్నారు.

ప్రతి క్లాసునూ డేటాక్లాసు చేయమని నేను అనడం లేదు. ఫైలు తెరిచేది, మరో యంత్రంతో సంబంధం పెట్టుకునేది, వచ్చినవాటిని మార్చి వేరే రూపంలో నిలుపుకునేది అయితే మామూలు ఇనిట్ రాయండి. లక్షణాలు పన్నెండూ పదిహేనూ అయితే ఏ ఉపాయమూ చాలదు. ఆ క్లాసు రెండు మూడు క్లాసులుగా విడిపోవాలని అడుగుతోందన్నమాట, ముందు ఆ మొర వినండి.

తెలుగు నిఘంటువులకు, పద్యాల గణవిభజనకు, పాత పుస్తకాల పట్టికలకు ప్రోగ్రాములు రాస్తున్న మిత్రులు ఇక్కడికి చాలామంది వస్తుంటారు. వారికి ఒక మనవి. మీరు రాసిన క్లాసులు ఒకసారి తెరవండి. సమానచిహ్నానికి అటూ ఇటూ ఒకే పేరున్న పంక్తులను లెక్కపెట్టండి. ఒక్కొక్కదాన్నీ నీ పని ఏమిటని అడగండి. జవాబు చెప్పగలిగినదాన్ని ఉంచండి, చెప్పలేనిదాన్ని తీసివేయండి. తీసివేసే ముందు దాని కుడివైపు మాత్రం ఒకసారి జాగ్రత్తగా చదవండి. నన్ను ఖండించదలచినవారికి స్వాగతం. ప్రయోజనమున్న పునరుక్తి నాకు కనబడనిది మరేదైనా ఉంటే చూపించండి, సంతోషంగా చదువుతాను.